కుడిచేతి వైపు నల్లరాజు

మానుకోట వర్తక సంఘం హాలు గడప మీద వనమాల కాలు పెట్టబోతుండగా లోపల ఎవరో గట్టిగా తుమ్మారు.

ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

తుమ్మినవాడి పేరు మధుకర్. జనగామ బట్టల కొట్టు వాళ్ల రెండో అబ్బాయి. చదరంగం పోటీకని పొద్దుటి పాసింజరులో దిగాడు. హాలు వెనక గది నిండా మిరపకాయల బస్తాలున్నాయి. ఆ ఘాటు మానుకోట ముక్కులకు అలవాటే గాని, జనగామ ముక్కు కొత్తది.

"ఎవరు తుమ్మింది?" అంది వనమాల బయటి నుంచే.

"నేనే. సారీ."

"సారీ అంటే తుమ్ము వాపస్ పోతదా? ఇప్పుడు నేను కూసొని, నీళ్లు తాగి, మల్ల బయలెల్లాలె."

ఆమె అరుగు మీద కూర్చుని నీళ్లు తెప్పించుకుంది. సగం గ్లాసు తాగిందో లేదో, మధుకర్ రెండోసారి తుమ్మాడు.

"రెండు తుమ్ములు మంచిదే అంటరక్కా," అన్నాడు మధుకర్ వెంట వచ్చిన దామోదర్. స్నేహితుడి పరువు కాపాడటం తన బాధ్యత అనుకునే రకం.

అంతలో మూడోది వచ్చింది.

"మీ దోస్తుకు చెప్పు తమ్మీ," అంది వనమాల, "తుమ్మితే తుమ్మిండు గాని జోడు మీద ఆపుమను."

మధుకర్ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఆట చూసేతందుకు వచ్చిన్రా?" అని మర్యాదగా అడిగాడు.

"కాదు. ఆడేతందుకు," అంది ఆమె. గడప దాటి లోపలికి వచ్చి, అతని పక్క బల్ల ముందే కూర్చుంది.

అది డెబ్బయ్యో సంవత్సరం, జూలై. అంతకు ముందటి ఏడాది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలన్నీ మూతపడ్డాయి. పిల్లలు ఊరేగింపులు చేశారు, లాఠీ దెబ్బలు తిన్నారు, తర్వాత ఇళ్లకు చేరి నెలల తరబడి గోడలు చూస్తూ కూర్చున్నారు. మధుకర్‌కు ఆ ఏడాది చదువు పోయి చదరంగం వచ్చింది. మూతపడక ముందు హన్మకొండ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం ఒకటి అతని దగ్గరే ఉండిపోయింది. తిరిగి ఇద్దామంటే తీసుకునేవాళ్లు లేరు. చేసేది లేక చదివాడు.

వనమాల కథ వేరు. ఆమె హన్మకొండలో బి.ఏ. రెండో సంవత్సరం చదువుతుండగా గొడవలు మొదలయ్యాయి. తండ్రి అంజయ్య సేటు వెళ్లి, హాస్టలు నుంచి పెట్టెతో సహా ఇంటికి తీసుకొచ్చాడు. కాలేజీలు మళ్లీ తెరిచారు. పెట్టె మాత్రం అటక దిగలేదు.

ఆడపిల్ల పోటీలో ఆడవచ్చా అని వర్తక సంఘం వాళ్లు ప్రత్యేకంగా ఒక సాయంత్రం కూర్చున్నారు. ఆడకూడదని రూల్సు పుస్తకంలో ఎక్కడా లేదు. రాసినవాళ్లు అంత దూరం ఆలోచించి ఉండరు. పైగా కప్పు ఇస్తున్నది ఆమె తండ్రి.

"పరాయి పిల్లగాండ్ల ముందు అన్ని గంటలు కూసుంటదా?" అని ఒక పెద్దమనిషి సందేహం వెలిబుచ్చాడు.

"ఆటల మాట్లాడొద్దని రూలున్నదండి," అన్నాడు రిఫరీ ప్రకాశం సారు.

"మాట్లాడరా? అయితే ఏం ఫికర్ లేదు," అన్నారు అందరూ ఒకే గొంతుతో.

పెళ్లిచూపుల్లో అయినా పిల్లను చాప మీద పది నిమిషాలకు మించి కూర్చోనివ్వని ఊరు అది. ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ మాట్లాడకుండా ఒకరి వేళ్లు ఒకరు చూసుకుంటూ పూటంతా కూర్చుంటే ఏమవుతుందో సంఘంలో ఎవరికీ అనుభవం లేదు.

దామోదర్ మొదటి ఆటలోనే ఓడిపోయి, మిగతా పోటీకి వ్యాఖ్యాతగా స్థిరపడ్డాడు. మధుకర్, వనమాల గెలుస్తూ పోయారు. ఫైనలు వాళ్లిద్దరికీ పడింది.

ఫైనలుకు ముందురోజు సాయంత్రం వాన పట్టుకుంది. హాలు వసారాలో ఇద్దరూ చెరో స్తంభం దగ్గర ఆగిపోయారు. వాన తగ్గుతుందేమోనని వనమాల ఆకాశం చూసింది. తగ్గకూడదని మధుకర్ కూడా అటే చూశాడు.

ఆమె టిఫిను డబ్బా తెరిచి, సర్వపిండి ముక్క ఒకటి తుంచి అతని వైపు జరిపింది. తినమని అనలేదు. మధ్యాహ్నం నుంచి అతను ఏమీ తినలేదని ఎవరో ఒకరు గమనించారు, అంతే. అలాంటివి పెద్దగా చెప్పుకునేవి కావు. మనిషి మాత్రం వాటితోనే బతుకుతాడు.

"ఒకటి అడుగుత, ఏమనుకోవద్దు," అంది. "ఎప్పుడు చూసినా మంత్రి ముందటి బంటునే నూకుతరు. వేరే ఎత్తు రాదా మీకు?"

"పుస్తకంల గదే మొదటి చాప్టరు. రెండోది తీసేవరకు కాలేజీ తెరిచిన్రు."

ఆమె నవ్వు ఆపుకుంది. "దాని తర్వాత పక్క బంటును ఊకెనే తినుమని ముందల పెడతరు. తింటే ఏమైతది?"

"తిని చూడరాదుండి."

"వద్దు. ఊకెనే ఇచ్చేటోళ్లంటే నాకు నమ్మకం లేదు. బజార్ల మా బాపు నేర్పిన మొదటి పాఠం గదే."

తర్వాత ఆమె చూరు నీళ్లను చూస్తూ చెప్పింది.

"రేపు నేను గెలిస్తే హన్మకొండ పంపిస్తనన్నడు బాపు. ఓడిపోతే కరీంనగర్ రైసుమిల్లు సంబంధానికి ఒప్పుకోవాలె. పిల్లగాడు మంచోడేనట. ఫొటో మాత్రం మిల్లుదే పంపిన్రు."

మధుకర్ గొంతులో సర్వపిండి అడ్డం పడింది.

"అయితే నేను..."

"ఆ మాట అననే వద్దు. కావాల్నని ఓడిపోయిన్రంటే మీ మొకం చూడ. దయ పెట్టి ఇచ్చిన చదువు నాకు అక్కెర లేదు."

వాన తగ్గకముందే ఆమె వెళ్లిపోయింది. దామోదర్ గొడుగుతో వచ్చి, స్నేహితుడి ముఖం చూసి, "ఏందిరా, ఫైనల్ల ఓడిపోయినవా అప్పుడే?" అన్నాడు.

మర్నాడు హాలు నిండిపోయింది. కప్పు దాతకిచ్చే గౌరవంగా బల్ల మీద పావులు పేర్చే పని అంజయ్య సేటుది. పలక మూలకు పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పావులు ఒక్కొక్కటే కళ్లకద్దుకుని గళ్లలో నిలిపాడు. ముందు తెల్లవి. తర్వాత అటు తిరిగి వెళ్లి, కూతురి పక్కన నిలబడి, నల్లవి.

అంజయ్య సేటు ఆడేది మన పాత ఆట. అందులో ఎవరి రాజు వాళ్ల కుడిచేతి వైపు ఉంటాడు. అందుకని రాజుకు ఎదురుగా రాజు నిలబడడు, మంత్రి నిలబడతాడు. పోటీల ఆటలో అలా కాదు. రాజులిద్దరూ ఒకరికొకరు ఎదురుగా ఉండాలి. సేటు చేతులు చిన్నప్పుడు నేర్చిందే చేశాయి. నల్లరాజు ఉండాల్సిన గడిలో మంత్రి, మంత్రి గడిలో రాజు కుదురుగా నిలబడ్డారు.

వనమాల చూసింది. ఆ పాత ఆట ఆమెకు నేర్పింది ఆయనే. నోటి దాకా వచ్చిన మాట ఊరంతా చూస్తున్న తండ్రి ముఖం చూసి ఆగిపోయింది.

ప్రకాశం సారూ చూశాడు. కప్పు ఇచ్చిన పెద్దమనిషికి పావులు పేర్చడం రాదని ఎలా చెప్పాలో తెలియక, ఆటగాళ్లలో ఒకరు చెబుతారులే అనుకుని, కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

మధుకర్ మాత్రం నిజంగానే చూడలేదు. అతను చూస్తున్నది పావులను కాదు.

మంత్రి ముందరి బంటును రెండు గళ్లు జరిపాడు. ఆమె ఎదురు బంటు పెట్టింది. పక్క బంటును తినమని ఇచ్చాడు. ఆమె తినలేదు, తన బంటుకు ఇంకో బంటును దన్ను పెట్టింది. గుర్రాలు వచ్చాయి, శకటులు వచ్చాయి. అంతా పుస్తకంలో ఉన్నట్టే నడుస్తోంది. ఇక రాజును మూలకు చేర్చి, ఏనుగును పక్కకు దించి, కోట కట్టుకోవాలి.

వనమాల చెయ్యి అలవాటుగా లేచింది. రాజు మీద, తాకకుండా, గాలిలో ఆగింది. మెల్లగా ఒడిలోకి దిగిపోయింది.

అప్పుడు చూశాడు మధుకర్. రాజు తన గడిలో లేడు. తన గడిలో లేని రాజు కోట కట్టుకోలేడు.

ఆమె ముఖం చూశాడు. ఆమె బల్ల వైపే చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి. ముందు వరసలో అంజయ్య సేటు, పక్కవాడి భుజం తట్టి, "నేను పేర్చిన పలక!" అని మురిసిపోతున్నాడు.

ఆట జరుగుతుండగా మొదటి అమరిక తప్పని తేలితే ఆ ఆట చెల్లదు, మళ్లీ ఆడాలి. పొద్దున్న ప్రకాశం సారు చదివిన రూల్సులో ఈ ముక్క కూడా ఉంది. ఆట ముగిశాక మాత్రం ఎవరు చెప్పినా లాభం లేదు.

ఆమే చెబుతుందిలే అనుకున్నాడు మధుకర్. ఎత్తు వేశాడు. ఇప్పుడు చెబుతుందిలే అనుకుని ఇంకోటి వేశాడు. గెలుస్తున్నవాడికి రూల్సు అంత తొందరగా గుర్తురావు. ఆమె రాజు నట్టనడి బజారులో గొడుగు లేనివాడిలా నిలబడ్డాడు. మధుకర్ ఏనుగులు రెండూ ఆ వైపే వచ్చాయి.

చివరికి వనమాల ఓటమి ఒప్పుకుని రాజును పడుకోబెట్టడానికి వేలు చాచింది. హన్మకొండ, హాస్టలు గది, అటక మీది పెట్టె, అన్నీ ఆ వేలి కొసన ఉన్నాయి. అయినా ఆమె తండ్రి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే ఆయనకు ఏమైనా అర్థమవుతుందేమోనని.

"సార్!" అన్నాడు మధుకర్. గొంతు అవసరానికి మించి లేచింది. "ఈ ఆట చెల్లది. నల్లరాజు, మంత్రి గళ్లు మారినయి."

అంజయ్య సేటు కుర్చీలోంచి సగం లేచాడు. వనమాల తలెత్తి అతని వైపు చూసిన చూపుకు తెల్లపావులన్నీ నల్లబడాల్సింది.

"నేనే మార్చిన," అన్నాడు మధుకర్. "సేటు సక్కగనే పేర్చిన్రు. నేను ముందటికి వొంగి సర్దుకుంట అటిటు పెట్టిన. తప్పు నాదే."

"ఎదుటోళ్ల పావులు నువ్వెందుకు సర్దుతవయ్యా?" అని ఎవరో అరిచారు.

"జనగామల రాజుకు, మంత్రికి ఫరక్ తెల్వదేమో!" అని ఇంకెవరో.

హాలంతా నవ్వింది. దామోదర్ తల తువ్వాలులో దాచుకున్నాడు. ప్రకాశం సారు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. అన్నీ చూసిన మనిషి ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. "ఆట రద్దు. రేపు పొద్దుగాల ఎవరి రంగు పావులతోని వాళ్లే మల్ల ఆడాలె," అని మాత్రం చెప్పి, పావులను పెట్టెలో వేసేశాడు.

మెట్ల దగ్గర వనమాల దారికి అడ్డం నిలబడింది.

"ఎవరు చెప్పుమన్నరు మిమ్మల్ని?"

"ఎవరు చెప్పుమంటరు? రూలున్నది."

"అబద్ధం చెప్పుమని గూడ రూలున్నదా?"

"మీ బాపును అందరి ముందల..."

"మా బాపు పరువు నేను కాపాడుకుంటున్న గద!"

"ఎట్ల? ఓడిపోయి కాపాడుకుంటరా?" మధుకర్‌కు మొదటిసారి కోపం వచ్చింది. "గడి తప్పిన రాజును కొట్టి కప్పు తీసుకపోతే, జనగామల దాన్ని ఎక్కడ పెట్టుకోవాలె నేను? మీ మీద దయ గాదు. నాకు సిగ్గయింది, గంతే."

ఆమె దారి ఇచ్చి పక్కకు జరిగింది. "రేపు సక్కగ ఆడుతరా?"

"ప్రాణం పెట్టి ఆడుత."

"ఒట్టు?"

"ఒట్టు."

మర్నాడు పావులు ప్రకాశం సారే పేర్చాడు. మధుకర్ మళ్లీ మంత్రి ముందరి బంటునే జరిపాడు. రెండో చాప్టరు ఇంకా చదవలేదు మరి. పక్క బంటును ఇచ్చాడు. ఆమె మళ్లీ వద్దంది. ఈసారి ఆమె చెయ్యి రాజు మీద ఆగలేదు. రాజు నిమ్మళంగా వెళ్లి మూలలో కూర్చున్నాడు.

మధుకర్ నిజంగానే ప్రాణం పెట్టి ఆడాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. గోళ్లు కొరికాడు. గెలుస్తున్నాననే అనుకున్నాడు. ఏనుగును ముందుకు తోసి, వెనక్కి వాలి, గాలి పీల్చుకున్నాడు. వనమాల గుర్రాన్ని ఎత్తి, రాజుకూ ఏనుగుకూ ఒకేసారి గురిపెట్టే గడిలో నిలిపింది.

అతను ఆ గుర్రాన్ని చాలాసేపు చూశాడు. అది కదలలేదు. మరికొన్ని ఎత్తులకు తన రాజును తానే పడుకోబెట్టాడు.

చప్పట్లు మోగాయి. అసలు కష్టాలు అప్పుడు మొదలయ్యాయి.

"అరేయ్ మధూ," దామోదర్ వచ్చి కౌగిలించుకున్నాడు. "ఏం యాక్టింగ్ రా! చిన్న పిల్లగాడు గూడ గుర్రం కిందికి ఏనుగును తోలడు. ఆ చెమటలు ఎట్ల తెప్పించినవ్ రా?"

"నేను నిజంగనే ఓడిపోయిన్రా."

"గట్లనే అను. మాటంటే మాటే, ఎవ్వలకు చెప్పకు." చెప్పవద్దన్నవాడు సాయంత్రానికి ఊరంతా చెప్పాడు.

టీ హోటల్లో సేటు బిడ్డ కోసం కప్పు వదులుకున్న జనగామ పిల్లవాడి దగ్గర డబ్బులు తీసుకోలేదు. నిన్న నవ్విన పెద్దమనుషులే ఇవాళ భుజం తట్టారు. తాను చెయ్యని త్యాగానికి ఇంత గౌరవం దక్కుతుంటే, కాదని చెప్పిన ప్రతిసారీ అది మరింత పెరిగింది.

అంజయ్య సేటు ఇంటికి పిలిపించాడు. అరుగు మీద తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

"నా చెయ్యి పెట్టింది నాకు తెల్వదా, బిడ్డా?" అన్నాడు. "రాత్రి పలక ముందలేసుకొని పెట్టి చూసుకున్న. ఇన్నేండ్ల బజార్ల నా తప్పు ఇంకోడు నెత్తిన పెట్టుకునుడు నేను చూడలే. మీద నుంచి ఇయ్యాల మా పిల్ల చదువు కోసం ఓడిపోయినవు."

"లేదు సేటు, అది మాత్రం నిజంగనే..."

"ఉండు. నీ మంచితనం నీకు తెల్వది." సేటు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "మాట మాటే. పిల్ల హన్మకొండ పోతది. కరీంనగర్‌కు వద్దని కబురు పంపిన. దాని బి.ఏ. అయినంక జనగామ వచ్చి మీ నాయినతోని మాట్లాడుత. నీకేమన్న అభ్యంతరమా?"

మధుకర్ నోరు తెరిచాడు. చెప్పాలనుకున్నవి రెండు, రెండూ ఒకేసారి వచ్చి ఏదీ బయటపడలేదు. సేటు దాన్ని వినయం అనుకున్నాడు.

లోపల నుంచి వనమాల మజ్జిగ గ్లాసుతో వచ్చింది. తండ్రి అటు వెళ్లేదాకా ఆగింది. ముఖంలో నవ్వు లేదు.

"ఒట్టు పెట్టిన్రు మీరు."

"అవు."

"ఊరంతా వేరే చెప్తున్నది. మీరు నా కోసం ఓడిపోయిన్రంటే, రేపు పొద్దుగాల మా బాపుకు నేనే చెప్త, ఈ సంబంధం నాకొద్దని. హన్మకొండ గూడ పోను. నిజం చెప్పున్రి."

గ్లాసు మాత్రం అతని చేతికి ఇవ్వలేదు. మధుకర్ ఆట అయినప్పటి నుంచి అందరికీ మర్యాదగా చెప్పి చెప్పి అలసిపోయాడు. ఉన్న మర్యాద అక్కడితో అయిపోయింది.

"ఏం నిజం? ఆ గుర్రం నాకు కనవడలే! కనవడితే పెడుతనా ఏనుగును? గొప్ప ఆటగత్తెననుకుంటున్నరా మీరు? శకటును ఒక్క గడి ఇవతల పెట్టి ఉంటే అక్కడికక్కడ మీ ఆట ఖతం! మధ్యాహ్నం నుంచి అన్నం తినలే నేను. తెండి పలక. ఇప్పుడే తెండి. ఈసారి ఎట్ల గెలుస్తరో చూస్త!"

వనమాల అతని ముఖం చూసింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అవి ప్రేమకు వచ్చినవి కావు, పోయిన ఏనుగు కోసం వచ్చినవి.

ఆమెకు నవ్వు మొదలైంది. ఆపుకోబోయి, ఆపుకోలేక, స్తంభాన్ని పట్టుకుని నవ్వింది.

"నిజంగనే ఓడిపోయినవ్!" అంది. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. "అమ్మా! ఎంత రోషమో చూడు!"

"నవ్వకు."

"శకటు ఇవతల పెట్టినా ఓడిపోతుంటివి. చూపిస్త రా."

"చూపియ్యి."

ఆమె పలక తెచ్చి అరుగు మీద పరిచింది. ఇద్దరూ గుర్రం ముందటి ఎత్తు దాకా పావులు పేర్చుకున్నారు. అతను శకటును ఇవతలికి జరిపాడు. ఆమె జవాబు వెతుకుతూ, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది. లోపల తల్లి అనసూయ ఎవరితోనో అంటున్న మాటలు వినిపిస్తున్నాయి. ఎంత పెద్ద మనసో, పిల్ల కోసం కప్పు ఇడిసిపెట్టిండట.

"ఇగ విను," అన్నాడు మధుకర్ దిగులుగా. "మీ ఇంట్ల అందరు నన్ను దేవుని తీరుగ చూస్తున్నరు. పోయి నిజం చెప్దామా?"

వనమాల పలక మీంచి కళ్లు ఎత్తలేదు.

"పెండ్లయినంక చెప్దాం," అంది, ఎత్తు వేస్తూ.